అడిగే గొంతు లేనిచోట

ఈథర్‌నెట్ స్విచ్‌కి తెలిసిన విద్య ఒక్కటే. తన గుండా వెళ్లే ప్రతి ఫ్రేమ్‌నూ ఎవరు పంపారో చూస్తుంది. పంపినవారి మ్యాక్ చిరునామాను, అది వచ్చిన పోర్టు నంబరు పక్కన రాసుకుంటుంది. తర్వాత ఎవరైనా ఆ చిరునామాకి ఏదైనా పంపితే నేరుగా ఆ పోర్టుకే అందిస్తుంది. తెలియని చిరునామా తగిలితే, వచ్చిన పోర్టు తప్ప మిగిలిన అన్ని పోర్టులకీ పంపేసి, జవాబు వచ్చినప్పుడు దాన్నీ నేర్చుకుంటుంది. ఎవరూ దానికి ఏమీ చెప్పనక్కర్లేదు. పెట్టెలోంచి తీసి కరెంటు ఇస్తే చాలు, పని మొదలవుతుంది. ఇంత చక్కని విద్యా మల్టీకాస్ట్ దగ్గర పనికిరాకుండా పోతుంది. మల్టీకాస్ట్ చిరునామా ఒక గ్రూపుది. గ్రూపుకి పంపడమే ఉంటుంది, గ్రూపు నుంచి రావడం ఉండదు. పంపినవారి గడిలో ఆ చిరునామా ఏనాడూ కనబడదు కాబట్టి, ఎన్నేళ్లు చూసినా స్విచ్ దాన్ని నేర్చుకోలేదు. ఇక చేసేదేముంది, అందరికీ పంపుతూనే ఉంటుంది. బంతిలో కూర్చున్న ప్రతివారి విస్తట్లోనూ, కావాలో వద్దో అడగకుండా, గరిటె నిండా వేసుకుంటూ పోయే వడ్డన అది.

ఈ వృథాను ఆపడానికే ఐజీఎంపీ స్నూపింగ్ వచ్చింది. కానీ గ్రూపుల్లో చేరడానికి జరిగే సంభాషణైన ఐజీఎంపీ పుట్టింది స్విచ్ కోసం కాదు. 1989 ఆగస్టులో స్టీవ్ డీరింగ్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1112 అనే పత్రంలో ఈ సంభాషణ నడిచేది రౌటర్‌కీ, దాని కింది నెట్‌వర్క్‌లో ఉన్న యంత్రాలకీ మధ్యనే. రౌటర్ ఉండుండి ‘మీలో ఎవరికి ఏ గ్రూపు కావాలి’ అని 224.0.0.1 మీద, అంటే అందరికీ వినబడేలా, అడుగుతుంది. కావలసిన యంత్రం తనకి కావలసిన గ్రూపు పేరు చెబుతుంది. 1997లో వచ్చిన రెండో వెర్షన్ ‘ఇక నాకొద్దు’ అని చెప్పి వెళ్లే వీలు కల్పించింది. 2002 నాటి మూడో వెర్షన్‌లో ఫలానా గ్రూపులో ఫలానావారు పంపేది మాత్రమే కావాలని చెప్పుకోవచ్చు. ఈ మాటలన్నీ స్విచ్ మీదుగానే వెళ్తాయి, అయితే ఏ ఒక్కటీ స్విచ్‌ని ఉద్దేశించి అన్నది కాదు. దారిన పోయే ఆ మాటలను విని, ఏ పోర్టులో ఎవరు ఏ గ్రూపు అడిగారో పట్టిక రాసుకోవడమే స్నూపింగ్.

పరాయి సంభాషణ మీద బతికే ఈ ఏర్పాటులో చిక్కులు మొదటినుంచీ ఉన్నాయి. రౌటర్‌కి తెలియాల్సింది చాలా తక్కువ: ఈ వైపు కనీసం ఒక్కరికైనా ఈ గ్రూపు కావాలా, వద్దా? అందుకని మొదటి రెండు వెర్షన్లలో, పక్క యంత్రం అదే గ్రూపు అడగడం వినబడితే మిగతావి ఊరుకునేవి. ఒకరు చెప్పాక పదిమందీ మళ్లీ చెప్పడం దేనికని. స్విచ్‌కి మాత్రం ఎవరి పోర్టు లెక్క వారిదే. ఊరుకున్న యంత్రం పట్టికలోకి ఎక్కదు. కాబట్టి స్నూపింగ్ చేసే స్విచ్ ఒకరి జవాబును మరొకరి చెవిన పడనివ్వదు, రౌటర్ ఉన్న పోర్టు వైపు మాత్రమే పంపుతుంది. అప్పుడు ఏ యంత్రానికి ఆ యంత్రం అడిగింది తానొక్కటేనన్న లెక్కలో నోరు విప్పుతుంది. 2006 మే నెలలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4541 ఇలాంటి నడవడికలను ఒకచోట చేర్చింది. అప్పటికే స్విచ్‌లు ఏళ్ల తరబడి దేనికి తోచినట్టు అది ఈ పని చేస్తున్నాయి. ఆ ఆర్‌ఎఫ్‌సీ కూడా ప్రమాణంగా కాక, సమాచారం కోసం రాసిన పత్రంగానే వెలువడింది.

స్నూపింగ్ ఆన్ చేయడమంటే నా దృష్టిలో మౌనానికి అర్థం మార్చడం. అంతకుముందు నోరు విప్పని యంత్రానికి కూడా అన్నీ అందేవి. ఆన్ చేసిన క్షణం నుంచి, అడగని యంత్రానికి ఏదీ అందదు. మౌనం అర్ధాంగీకారమని మనకి అలవాటైన మాట. ఈ స్విచ్ లెక్కలో మౌనం పూర్తి నిరాకరణ. ఒక వ్యవస్థ మౌనాన్ని అలా చదవడం మొదలుపెట్టినప్పుడు, నిర్ణీత వ్యవధిలో అందరినీ పలకరించి అడిగే బాధ్యత కూడా దాని మీదే పడుతుంది. ఆ అడిగే పాత్రకి ఐజీఎంపీలో క్వెరియర్ అని పేరు. స్నూపింగ్‌ని ఆన్ చేసి క్వెరియర్ సంగతి వదిలేసినవారు సగం పని చేశామనుకుంటారు. నిజానికి ఆ నెట్‌వర్క్ స్నూపింగ్ లేనప్పటికంటే అన్యాయమైన స్థితిలో ఉంది. అప్పుడు అనవసరమైనవి అందేవి, ఇప్పుడు అవసరమైనవి అందవు.

ఆ అన్యాయం ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూడాలి. రౌటర్ అవసరంలేని ఒక నెట్‌వర్క్ అనుకుందాం: ఒకే భవనం, ఒకే వీల్యాన్, కెమెరాలు మల్టీకాస్ట్‌లో వీడియో పంపుతున్నాయి, కాపలా గదిలో ఒక కంప్యూటర్ వాటిని చూపిస్తోంది. స్విచ్‌లో స్నూపింగ్ ఆన్ చేశారు, ఎవరూ అడగని గ్రూపుల వీడియోను ఆపేయమని కూడా పెట్టారు. కంప్యూటర్‌లో వీడియో తెరవగానే అది తనంతట తానే గ్రూపు పేరు చెప్పి చేరుతుంది. స్విచ్ విని పట్టికలో రాసుకుంటుంది. బొమ్మ వస్తుంది, అమర్చినవారు సంతోషంగా వెళ్లిపోతారు. ప్రోటోకాల్ మామూలుగా నడిస్తే 125 సెకన్లకోసారి క్వెరియర్ అడగాలి, యంత్రాలు 10 సెకన్లలోపు జవాబివ్వాలి. రెండు విడతల ప్రశ్నలకీ జవాబు రాకపోతే, అంటే 260 సెకన్లు గడిస్తే, ఆ యంత్రానికి ఇక అక్కర్లేదని అర్థం. ఇక్కడ అడిగేవారే లేరు. అడగని ప్రశ్నకి కంప్యూటర్ జవాబివ్వదు. 260 సెకన్లు నిండగానే స్విచ్ పట్టికలో ఆ వరస చెరిగిపోతుంది, నాలుగు నిమిషాల పైచిలుకు ఆడిన బొమ్మ ఉన్నచోట ఆగిపోతుంది. సాఫ్ట్‌వేర్ మూసి మళ్లీ తెరిస్తే, కొత్తగా చేరినట్టు చెబుతుంది కాబట్టి, బొమ్మ తిరిగి వస్తుంది. మళ్లీ నాలుగు నిమిషాలే. తెరిస్తే పనిచేసి కాసేపటికి ఆగిపోయే వస్తువును చూసి ఎవరైనా స్విచ్‌ని అనుమానిస్తారా? కెమెరాని అంటారు, సాఫ్ట్‌వేర్‌ని అంటారు, కేబుల్ మారుస్తారు. కెమెరా ఒక స్విచ్‌లో, కంప్యూటర్ మరో స్విచ్‌లో ఉంటే ఆ నాలుగు నిమిషాలు కూడా దక్కవు. జవాబులు వెళ్లాల్సింది రౌటర్ ఉన్న దిక్కుకి. ఆ దిక్కు ఏదో స్విచ్‌కి తెలిసేది ప్రశ్న ఏ పోర్టులోంచి వచ్చిందో చూసి. ప్రశ్నే లేకపోతే దిక్కూ లేదు, కంప్యూటర్ అడిగిన మాట అవతలి స్విచ్‌దాకా చేరదు.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం, కావలసినవారే మళ్లీ మళ్లీ చెప్పుకోవచ్చు కదా అని. అడగందే అమ్మైనా పెట్టదంటారు, యంత్రానికి మాత్రం మినహాయింపు ఎందుకు? కానీ చేరినప్పుడు ఒకటి రెండుసార్లు చెప్పి, ఆ తర్వాత అడిగితేనే జవాబివ్వాలన్న నియమం వెనక ఆలోచన ఉంది. వెయ్యి యంత్రాలు వేటికి తోచినప్పుడు అవి ‘నేనింకా ఉన్నాను’ అంటూ ఉంటే ఎన్ని క్షణాలకోసారి అనాలో, ఎంతసేపు అనకపోతే లేనట్టో నిర్ణయించేది ఎవరు? అడిగేవారి చేతిలో ఆ వ్యవధి ఉంటే అందరికీ ఒకే కొలత. అంతకన్నా పెద్ద కారణం, వెళ్లిపోయేవారందరూ చెప్పి వెళ్లరు. కరెంటు పోయిన సెట్‌టాప్ బాక్స్, కేబుల్ ఊడిన ల్యాప్‌టాప్ ‘నాకొద్దు’ అని చెప్పలేవు. ఉన్నవారిని కాపాడటానికి ఎంత అడగాలో, లేనివారిని పట్టికలోంచి తీయడానికీ అంతే అడగాలి.

ఈ మాట ఐపీటీవీలో ఇంకా గట్టిగా రుజువవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి ఇంటర్నెట్, ఫోన్, టీవీ మూడింటినీ ఒకే తీగమీద ఇచ్చే పనికి పూనుకుంది. ఇలా ఇంటర్నెట్ తీగమీద వచ్చే టీవీయే ఐపీటీవీ. అది మల్టీకాస్ట్ మీద నడిచేచోట ఛానెల్ మార్చడమంటే ఒక గ్రూపు వదిలి మరో గ్రూపులో చేరడం. ఒక పెట్టె ‘వద్దు’ అన్నప్పుడు, దాన్ని అక్కడికక్కడే తీసేయకుండా, ఆ గ్రూపు ఇంకెవరికైనా కావాలా అని క్వెరియర్ సెకను ఎడంతో రెండుసార్లు అడుగుతుంది. ఆ రెండు సెకన్లూ వదిలేసిన ఛానెల్ కూడా వస్తూనే ఉంటుంది కాబట్టి, తీగ ఇరుకైనచోట కొత్త ఛానెల్‌కి జాగా చాలదు. అందుకని, అడగకుండానే వెంటనే తెంచేసే ‘ఫాస్ట్ లీవ్’ అనే సదుపాయం పెట్టారు. పోర్టుకి ఒక్కటే పెట్టె ఉంటే అది చక్కగా పనిచేస్తుంది. అదే పోర్టు వెనక చిన్న స్విచ్ పెట్టి హాల్లో ఒకటి, పడకగదిలో ఒకటి రెండు పెట్టెలు కలిపారనుకోండి. రెండింటిలోనూ ఒకే క్రికెట్ మ్యాచ్ నడుస్తుండగా, హాల్లో ఛానెల్ మార్చగానే పడకగదిలో మ్యాచ్ ఆగిపోతుంది. ఒకరి మాటను ఇంటిల్లిపాది మాటగా తీసుకుని, అడిగే మెట్టు దాటేసినందుకు వచ్చిన నష్టం అది.

క్వెరియర్‌ని పెట్టడం కూడా ఆలోచించి చేయాల్సిన పనే. పీఐఎం లాంటి మల్టీకాస్ట్ రౌటింగ్ నడిపే రౌటర్ ఉంటే ఆ పని అదే చేస్తుంది. లేకపోతే ఏదో ఒక స్విచ్‌లో ఆన్ చేయాలి, ప్రతి వీల్యాన్‌కీ విడిగా. ఒకటికన్నా ఎక్కువమంది అడగడం మొదలుపెడితే వారిలో అతి చిన్న ఐపీ చిరునామా ఉన్నదే నిలుస్తుంది, మిగతావి తప్పుకుంటాయి. సామర్థ్యంతోగానీ, నెట్‌వర్క్‌లో ఉన్న స్థానంతోగానీ ఆ ఎన్నికకి సంబంధం లేదు. 10.1.1.250 చిరునామా ఉన్న పెద్ద కోర్ స్విచ్‌ని పక్కకి నెట్టి, 10.1.1.2 ఉన్న ఓ మూల పరికరం గెలవొచ్చు. గెలిస్తే ఏమవుతుంది? ప్రశ్న వచ్చిన దిక్కే రౌటర్ దిక్కని స్విచ్‌లు నమ్ముతాయి. జవాబులన్నీ ఆ దిక్కుకే పోతాయి, వాటితో పాటు మల్టీకాస్ట్ డేటా మొత్తం కూడా. అడిగేవారికి అన్ని గ్రూపులూ అందాలన్నదే నియమం. మూలనున్న ఆ పరికరానికి 100 మెగాబిట్ల తీగే ఉంటే అది ఊపిరాడక చస్తుంది. అందుకే చిరునామాలు పంచేటప్పుడే క్వెరియర్‌గా ఉండాల్సినదానికి చిన్న చిరునామా ఇవ్వాలి. చిరునామా లేకుండా, 0.0.0.0 పేరుతో అడిగే స్విచ్‌లూ ఉన్నాయి. అవి ఎన్నికలో పాల్గొనవు. వాటి ప్రశ్న వచ్చిన దిక్కును రౌటర్ దిక్కుగా లెక్కించవద్దని ఆర్‌ఎఫ్‌సీ 4541 చెబుతుంది. ఒక్క స్విచ్ ఉన్నచోట ఇది సరిపోతుంది. నాలుగైదు స్విచ్‌లు గొలుసుగా ఉన్నచోట మాత్రం పేరూ ఊరూ ఉన్న క్వెరియర్ కావాలి.

ఇంత తంటా దేనికి, స్నూపింగ్ తీసేస్తే పోలేదా అనేవారు చాలామంది. ఇప్పుడు గిగాబిట్ తీగలు చవక, వృథా అయితే కానివ్వండి అంటారు. ఒక ఇల్లు, ఒక ప్రింటర్, రెండు టీవీల దగ్గర ఆ మాట నిజమే. నేనూ కాదనను. ఇంట్లో ప్రింటర్ దొరకడం లేదంటే మొదట స్నూపింగ్ ఆపి చూడమనడం తప్పు సలహా కాదు. పెద్ద చోటికి వచ్చేసరికి ఆ లెక్క నిలవదు. ఒక్కోటి 4 మెగాబిట్ల వీడియో పంపే కెమెరాలు 40 ఉంటే మొత్తం 160 మెగాబిట్లు. స్నూపింగ్ లేకపోతే ఆ 160 ప్రతి పోర్టుకీ వెళ్తుంది. తలుపు దగ్గరి కార్డు రీడర్‌కీ, బల్లమీది ఐపీ ఫోన్‌కీ చాలాచోట్ల ఉండేది 100 మెగాబిట్ల పోర్టే. వాటికి మల్టీకాస్ట్‌తో పనేలేదు, అయినా వాటి మాటలు వాటికి అందవు. వైఫైలో సంగతి మరీ దారుణం. అక్కడ మల్టీకాస్ట్‌ని సాధారణంగా అందరికీ అందగల తక్కువ వేగంతోనే పంపుతారు, అందిందో లేదో రసీదు ఉండదు. గాలిలో కాలం అందరిదీ ఒకటే కాబట్టి, ఎవరికీ అక్కర్లేని వీడియో అందరి సమయాన్నీ తినేస్తుంది. ఇక మల్టీకాస్టే పాతబడిందనే మాట. బహిరంగ ఇంటర్నెట్‌లో అది నిలదొక్కుకోలేదన్నది నిజం, మనం చూసే వీడియోలన్నీ ఒక్కొక్కరికీ విడివిడిగానే వస్తాయి. గోడల లోపల మాత్రం స్టాక్ ఎక్స్ఛేంజీల ధరల ప్రవాహం, గడియారాలను కలిపే పీటీపీ, సభామందిరాల్లో మైకుల శబ్దం మోసే డాంటే లాంటి వ్యవస్థలు ఇవాళ్టికీ దానిమీద ఆధారపడుతున్నాయి.

పండితుల అభ్యంతరం ఇంకొకటి ఉంది. స్విచ్ రెండో పొర యంత్రం, మూడో పొరలోని ఐపీ మాటల్లో తల దూర్చడం పద్ధతి కాదని. నిజమే, అది పద్ధతి కాదు. పద్ధతైన దారులూ ప్రయత్నించారు. యంత్రమే స్విచ్‌తో నేరుగా చెప్పుకునే జీఎంఆర్‌పీ వచ్చింది, రౌటర్ స్విచ్‌కి చెప్పే సీజీఎంపీని సిస్కో తెచ్చింది. మొదటిదానికి ప్రతి యంత్రంలోనూ కొత్త సాఫ్ట్‌వేర్ కావాలి, రెండోదానికి అన్నీ ఒకే కంపెనీవి కావాలి. ఎవరినీ ఏమీ మార్చుకోమనని స్నూపింగే నిలబడింది. కాకపోతే పొర దాటినందుకు మూల్యం చెల్లిస్తూనే ఉంది. ఐపీ మల్టీకాస్ట్ చిరునామాలో గ్రూపుని చెప్పే బిట్లు 28. ఈథర్‌నెట్ చిరునామాలో వాటికి దొరికింది 23 బిట్ల చోటే. డీరింగ్‌కి 16 చిరునామా బ్లాకులు కావలసి ఉండగా, ఒక్కోటి వెయ్యి డాలర్లు కావడంతో, జాన్ పోస్టెల్ ఒక్కటి కొని అందులో సగమే ఇచ్చారని నెట్‌వర్క్ లోకంలో చెప్పుకుంటారు. ఫలితంగా 32 ఐపీ గ్రూపులు ఒకే మ్యాక్ చిరునామా పంచుకుంటాయి. ఓఎస్‌పీఎఫ్ రౌటర్లు మాట్లాడుకునే 224.0.0.5కీ, ఎవరో వీడియోకి పెట్టుకున్న 239.0.0.5కీ మ్యాక్ ఒకటే. 224.0.0తో మొదలయ్యే చిరునామాలను, ఎవరూ అడగకపోయినా అన్ని పోర్టులకీ పంపాలని ఆర్‌ఎఫ్‌సీ 4541 సిఫారసు. వాటిని వినే యంత్రాల్లో చాలావాటికి అడిగే అలవాటు లేదు, అడగలేదని ఆపితే రౌటర్లకి ఒకదాని ఉనికి ఒకదానికి తెలియకుండా పోతుంది. కాబట్టి మ్యాక్ చూసి పంపే స్విచ్‌లో 239.0.0.5 వీడియో కూడా ఊరంతా తిరుగుతుంది. చిరునామా ఎంచుకునేటప్పుడు ఆ వరసకి దూరంగా ఉండాలి. నా వాదనకి ఇక్కడ దొరికే బలం మరొకటి: మౌనాన్ని నిరాకరణగా చదవకూడని చోటు ఒకటుందని స్నూపింగ్ నియమాలే ఒప్పుకున్నాయి.

ఐపీవీ6లో ఆ చోటు ఇంకా విశాలం. అక్కడ బ్రాడ్‌కాస్ట్ లేదు. పక్క యంత్రం మ్యాక్ ఏదో కనుక్కోవడం కూడా మల్టీకాస్ట్ ప్రశ్నతోనే జరుగుతుంది, ప్రతి యంత్రమూ తన చిరునామా చివరి 24 బిట్లతో ఏర్పడే గ్రూపులో చేరి ఉంటుంది. ఐజీఎంపీ స్థానంలో ఎంఎల్‌డీ ఉంటుంది, స్నూపింగ్ కథ మాత్రం అదే. ఎంఎల్‌డీ స్నూపింగ్ పెట్టి క్వెరియర్‌ని మరిచి, అడగని గ్రూపులను ఆపేస్తే పోయేది ఏదో వీడియో కాదు. కాసేపటికి ఆ యంత్రం చిరునామా కనుక్కునే ప్రశ్నే దానికి చేరదు, అది ఉండి కూడా లేనట్టవుతుంది.

లైనక్స్ బ్రిడ్జి చేసిన ఎంపిక నాకు వివేకంగా కనిపిస్తుంది. వర్చువల్ యంత్రాలను కలిపే ఆ సాఫ్ట్‌వేర్ స్విచ్‌లో స్నూపింగ్ మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది, క్వెరియర్ ఆఫ్‌లో ఉంటుంది. దానివల్ల పైన చెప్పిన అన్యాయమే జరిగేది. 2013లో ఒక మార్పు చేశారు: అడిగే గొంతు ఎక్కడా వినబడకపోతే తన పట్టికను తానే నమ్మకుండా, మునుపటిలా అందరికీ పంపుతుంది. ఎవరూ అడగనప్పటి మౌనానికీ, అడిగాక వచ్చిన మౌనానికీ తేడా గుర్తించడమే ఇది. తయారీదారులందరూ ఈ దారిలో నడవాలనీ, స్నూపింగ్ బటన్ నొక్కినప్పుడు క్వెరియర్ ఎక్కడుందని స్విచ్ అడగాలనీ నా కోరిక.

దీన్ని కాదనేవారి మాటలోనూ పస ఉంది. 3 మెగాబిట్ల ఛానెళ్లు 300 ఉన్న టీవీ నెట్‌వర్క్‌లో క్వెరియర్ చచ్చిన మరుక్షణం స్విచ్‌లన్నీ అందరికీ పంపడం మొదలుపెడితే, ప్రతి తీగ మీదికీ 900 మెగాబిట్లు వచ్చి పడతాయి. కొందరి బొమ్మ ఆగే బదులు అందరి ఇంటర్నెట్టూ కూలుతుంది. అలాంటిచోట తలుపు మూసి ఉంచడమే మేలు, అయితే అప్పుడు అడిగేవారు ఒక్కరే ఉండటం నేరం. రెండో క్వెరియర్‌ని సిద్ధంగా ఉంచాలి. మొదటిది మాట్లాడటం మానేసిందని రెండోది నిర్ధారించుకోవడానికి మామూలు గడువు 255 సెకన్లు, పట్టిక చెరగడానికి 260. మధ్యలో మిగిలేది 5 సెకన్లు. జవాబివ్వడానికి యంత్రాలకి ఇచ్చిన గడువేమో 10. ఈ లెక్కలో ఆలస్యంగా పలికిన కొందరికి బొమ్మ తెగే వీలుంది కాబట్టి, జవాబు గడువును 10 నుంచి బాగా తగ్గించి, ప్రశ్నల మధ్య ఎడాన్ని కూడా 125 నుంచి కుదించి, ఆ అంకెలనే వీల్యాన్‌లోని ప్రతి స్విచ్‌లోనూ ఒకేలా పెట్టాలి. తర్వాత మొదటి క్వెరియర్ కేబుల్‌ని కావాలనే ఊడదీసి, టీవీ ముందు అయిదు నిమిషాలు నిలబడి చూడాలి.